గొర్రెపిల్ల ఎద మీది గీత

మా అక్క నన్ను మెచ్చుకుంటూ మాట మొదలుపెట్టిందంటే నాకు గుండెల్లో రాయి పడుతుంది. ఆ మెచ్చుకోలు వెనక ఏదో ఒక పని ఉంటుంది. అది తప్పకుండా నా వల్ల కాని పనై ఉంటుంది.

ఆ రోజు పొద్దున్నే దుకాణంలోకి వచ్చి, కస్టమర్ల కోసం వేసిన ఒకే ఒక్క స్టూలు మీద కూర్చుని, "ఎంతైనా నీ చేతిలో ఉన్న పనితనం ఇంకెవరికీ లేదురా" అంది. నేను రబ్బరు ముక్క మీద నుంచి కళ్ళెత్తకుండానే "ఏం పాడైంది?" అన్నాను.

నేను ముద్రలు చెక్కేవాణ్ణి. ఆఫీసులకు రబ్బరు స్టాంపులు చేసిస్తాను. 'అందినది', 'పరిశీలించడమైనది', 'తిరస్కరించడమైనది'. ఈ చుట్టుపక్కల జనాన్ని తిరస్కరించే ముద్రలన్నీ నా చేతుల మీదుగా వెళ్ళినవే. అందుకేనేమో, నా మొహం చూడగానే ఏదో కాదనబోతున్నానని అందరికీ అనుమానం వస్తుంది. చాలాసార్లు ఆ అనుమానం నిజమే.

అక్క ఒళ్ళోని పాత తువ్వాలు విప్పింది. లోపల అప్పాల పట్టకారు. రెండు పొడుగాటి కాడలు, వాటి చివర అరచేతి వెడల్పున రెండు గుండ్రటి ఇనుప బిళ్ళలు. పిండీ నీళ్ళూ తప్ప ఉప్పు కూడా వెయ్యని జారుడు పిండిని ఆ బిళ్ళల మధ్య పోసి, నొక్కి, పొయ్యి మీద పెడితే కాగితమంత పలచటి అప్పం వస్తుంది. చర్చిలో పూజకు వాడేది అదే. ఫాదర్ గారు రెండు చేతులా పైకెత్తి చూపించే పెద్ద అప్పం మీద, ముందరి కాలితో చిన్న జెండా పట్టుకున్న గొర్రెపిల్ల బొమ్మ పడుతుంది. అక్క ముప్ఫై నాలుగేళ్ళుగా తన వంటింట్లో ఆ అప్పాలు పోస్తోంది. అంతకు ముందు వాళ్ళ అత్తగారు పోసేది.

"గొర్రెపిల్ల సరిగ్గా పడటం లేదురా" అంది.

పట్టకారు తెరిచి వెలుతురులో పెట్టి చూశాను. "ఇది గొర్రెపిల్లా? దిండులా ఉంది."

"మొన్న పూజలో ఎవరి పాపో మబ్బు అందిట. పక్కనున్న పిల్ల కాదు పిల్లి అందిట. ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు. ఫాదర్ గారు విన్నారు."

ఆ ఫాదర్ గారు కొత్తగా వచ్చిన కుర్రాయన. మంచివాడే. వచ్చే నెల బిషప్ గారు వస్తున్నారని, అక్కని పిలిచి ఎంతో మర్యాదగా చెప్పాడట: అమ్మా, మీరింక శ్రమ పడకండి, ఫ్యాక్టరీలో చేసిన అప్పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, బొమ్మ కూడా చక్కగా పడి ఉంటుంది, తెప్పించేస్తాను. అక్క నెల రోజులు గడువు అడిగి, బొమ్మ ఎలా ఉండాలో ఆయన చేతే కాగితం మీద గీయించుకుని వచ్చింది.

"శ్రమ పడొద్దంటే రోజంతా నేనేం చెయ్యాలిరా?" అంది. మామూలుగానే అంది. కానీ తువ్వాలు కొసని వేలికి చుట్టి విప్పి మళ్ళీ చుట్టింది.

మా బావ పోయి ఎనిమిదేళ్ళయింది. వాళ్ళకొక కూతురు ఉండేది, నా మేనకోడలు. ఆరేళ్ళకే జ్వరమొచ్చి పోయింది. ఇది జరిగి ఇరవై ఏడేళ్ళు. ఆ సంగతి మా కుటుంబంలో ఎవరం ఎత్తం, నేనైతే అసలే ఎత్తను. రెండు గదులూ వంటిల్లూ ఉన్న ఆ ఇంట్లో అక్కకి మిగిలింది ఈ పట్టకారొక్కటే. అది కూడా పోతే ఆమె పొద్దున్నే లేచి ఎటు తిరగాలో నాకూ తెలియలేదు.

అయినా కాదందామనే చూశాను. ఇనుము మీద ఉలి పెట్టి పదిహేనేళ్ళయింది. పైగా ఈమధ్య నా కుడిచెయ్యి టీ గ్లాసు పట్టుకుంటేనే వణుకుతూ తాళం వేస్తోంది. రబ్బరైతే తప్పు పోయినా ఇంకో ముక్క కోసుకోవచ్చు. ఇనుము అలా కాదు, ఒకసారి తీసేసింది మళ్ళీ రాదు. ఇదంతా చెప్పి, "పాడుచేశాననుకో?" అన్నాను.

"చేస్తే ప్యాకెట్లు. చెయ్యకపోయినా ప్యాకెట్లేగా" అంది అక్క. అని, ఫాదర్ గారు గీసిచ్చిన బొమ్మ కాగితం నా బల్ల మీద పెట్టి, నేను ఒప్పుకున్నానో లేదో కూడా చూడకుండా వెళ్ళిపోయింది.

ఇందులో ఉన్న మెలిక ఏమిటంటే, స్టాంపు వేరు, పట్టకారు వేరు. స్టాంపులో అక్షరం నిలబడాలి, దాని చుట్టూ ఉన్నది తీసెయ్యాలి. పట్టకారులో అప్పం మీద ఏది పైకి లేవాలో దాన్నే తవ్వాలి. ఎంత లోతుగా గాయం చేస్తే అంత ఎత్తుగా లేస్తుంది. ఇన్నేళ్ళ అలవాటు కదా, చెయ్యి దాని దారిన అది పోతుందని భయపడి, ఎదురుగా గోడ మీద సుద్దముక్కతో 'చెక్కిందే లేస్తుంది' అని పెద్దక్షరాలతో రాసుకున్నాను. స్టాంపుల కోసం వచ్చిన ఒక గుమాస్తా అది చదివి, "మీరు కూడా వేదాంతంలో పడ్డారా?" అన్నాడు. ఆయన స్టాంపు రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాను.

పొద్దున పూట చెయ్యి కొంచెం మాట వింటుంది. అందుకని రోజూ దుకాణం తెరవగానే గంటన్నర ఈ పనే. మొదట తుప్పు వదిలించాను. బొమ్మ ఎద దగ్గర సన్నటి మిట్ట ఒకటి తగిలింది. అదీ తుప్పేననుకుని నున్నగా గీకేశాను. తరువాత ఉన్ని ఉంగరాలు ఒక్కొక్కటే చెక్కాను. జెండా కర్ర, జెండా మీద సిలువ, వెనక్కి తిరిగి చూస్తున్న తల. ఫాదర్ గారి బొమ్మలో ఎద మీద చిన్న గీత ఉంది. కలం జారిందనుకున్నాను. కస్టమర్లిచ్చే కాగితాల్లో ఇలాంటివి సవాలక్ష ఉంటాయి, చెప్పకుండానే సరిచేసి ఇవ్వడం నా అలవాటు. దాని గురించి నాకు కాస్త గర్వం కూడా. ఆ గీతని వదిలేసి, ఎదని అన్నిటికంటే లోతుగా, గుండ్రంగా తీశాను. తొమ్మిదో రోజున మైనం నొక్కి చూస్తే, గొర్రెపిల్ల ఎద విరుచుకుని నిలబడి ఉంది. నాకే ముద్దొచ్చింది. ఆ మైనం ముక్కని జేబులో వేసుకుని రెండు రోజులు తిరిగాను, ఎవరూ అడక్కపోయినా చూపిస్తూ.

బిషప్ గారు రావడానికి నాలుగు రోజులుందనగా పట్టకారు తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను.

అక్క బిళ్ళలకి మైనం రాసి, పొయ్యి మీద కాలనిచ్చి, గరిటెడు పిండి పోసి మూసింది. ఆవిరి బుస్సుమని అంచుల్లోంచి ఎగిసింది. పట్టకారు ఒకసారి తిప్పింది. ఆవిరి ఆగింది. బిళ్ళల బయటికి పొంగిన అంచుల్ని చాకుతో గీసి గిన్నెలో వేసి, తెరిచింది. తెల్లటి అప్పం, మధ్యలో నా గొర్రెపిల్ల. ఒక్కొక్క ఉన్ని ఉంగరం లెక్కపెట్టుకోవచ్చు. అక్క దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టింది.

"ఎంత బావుందిరా" అంది. నేను గోడకి చేరబడి, మిగతా పొగడ్త కోసం తీరిగ్గా ఎదురుచూశాను.

అక్క బొటనవేలు గొర్రెపిల్ల ఎద మీద అటూ ఇటూ తిరిగింది. ఏదో వెతుక్కున్నట్టుగా తిరిగి, ఆగింది.

"దెబ్బేదిరా?"

"ఏం దెబ్బ?"

"ఎద మీది దెబ్బ. ఫాదర్ గారి బొమ్మలో ఉందిగా. పాతదాంట్లోనూ ఉండేది. చూపుకి ఆనేది కాదు గానీ, వేలికి తెలిసేది."

నేను తుప్పనుకుని గీకేసిన మిట్ట అదేనని అప్పుడు అర్థమైంది. అప్పం మీద గుంట పడాలంటే బిళ్ళలో మిట్ట ఉండాలి. గోడంతా సుద్దతో రాసుకున్న మొనగాణ్ణి, దాని రెండో సగం మర్చిపోయాను.

తప్పు నాదైతే నాకు ముందు కోపమొస్తుంది. "ఇంత చిన్న గీతకి ఇంత రాద్ధాంతమా? కలం జారిందనుకున్నాను. అయినా లక్షణంగా ఉన్న గొర్రెపిల్లకి దెబ్బెందుకు?" అన్నాను.

"ఎందుకేమిట్రా? ఆ గొర్రెపిల్లంటే సిలువెక్కిన ప్రభువే. దాన్ని చంపారు. చచ్చిపోయి లేచింది. లేచి, గెలిచానని జెండా పట్టుకుంది. దెబ్బే తగలకపోతే ఆ జెండా దేనికి? దెబ్బ తగలని గొర్రెపిల్ల సంతలో దొరుకుతుంది."

"అంతటి దేవుడు లేచొచ్చేటప్పుడు ఆ గాయం మాన్పుకుని రాలేకపోయాడా?"

"రాగలడు. కావాలనే రాలేదు" అంది అక్క. అప్పాన్ని పళ్ళెంలో పెట్టి పొయ్యి కట్టేసింది. "పోయింది పోలేదన్నట్టు నటించకుండానే లేచి నిలబడొచ్చని చూపించాడు. నాకు అర్థమైంది అంతే. ఫాదర్ గారు ఇంకా పెద్ద మాటలు చెబుతారు. పిచ్చుక పోయాక ప్రతి వారం అప్పం పోసి, ఆ గీత మీద వేలు పెట్టుకునేదాన్ని. అది ఉంది కదా, నేనూ ఉంటాలే అనుకునేదాన్ని."

పిచ్చుక అంటే మా మేనకోడలు. అప్పాల అంచుముక్కలు టకటకా ఏరుకు తింటుందని నేనే పెట్టిన ముద్దుపేరు. ఆ పేరు ఆ వంటింట్లో ఇరవై ఏడేళ్ళ తరువాత విన్నాను. నా కళ్ళు వాటంతటవే తలుపు వైపు పోయాయి, బయటపడే దారి కోసం.

"దాని చెప్పులేం చేశావురా?" అంది అక్క.

ఇక దాచడానికి ఏముంది? పిల్లని సమాధి చెయ్యడానికి అందరూ వెళ్ళిన రోజున నేను ఇంట్లో ఉండిపోయాను. అక్క తిరిగొచ్చేసరికి ఏదీ ఆమె కంట పడకూడదనుకున్నాను. గౌన్లు, పలక, రంగు పెన్సిళ్ళు, చెప్పులు అన్నీ ఒక సంచిలో కుక్కి, దూరంగా ఉన్న అనాథాశ్రమానికి పంపించేశాను. ఆ మాటే చెప్పాను. "నువ్వు చూసి తట్టుకోలేవని..." అన్నాను.

"తెలుసు. నా మీద ప్రేమతోనే చేశావు. ఆ చెప్పులు ఏ పిల్ల కాళ్ళకైనా పనికొచ్చి ఉంటాయి, మంచిదే. కానీ నేను ఇంటికొచ్చేసరికి ఈ ఇంట్లో అసలు పిల్లే పుట్టనట్టుంది. ఈ గుమ్మం పక్కన దాని ఎత్తు కొలిచి గీసిన గీతలుండేవి. వాటి మీద కూడా సున్నం కొట్టేశావు. తడి ఇంకా ఆరలేదు." అక్క గొంతు పెంచలేదు. "అప్పుడే నిన్ను నాలుగు మాటలు అనాల్సింది. అనలేదు. నీకు మాత్రం ఎవరున్నారు, నువ్వూ ఏడుస్తున్నావు కదా అని ఊరుకున్నాను. నువ్వేమో నేను మర్చిపోయాననుకుని సంతోషించావు."

నేను సంతోషించలేదు. భయపడ్డాను. ఇన్నేళ్ళూ ఆ పేరు నా నోట రాకుండా చూసుకోవడమే అక్కకి నేను చేసే సాయం అనుకున్నాను. ఆ సాయం నాకోసం చేసుకున్నదని ఆ రోజు తెలిసింది. పట్టకారు తువ్వాల్లో చుట్టుకుని, "రేపు పొద్దున దుకాణానికి రా" అని మాత్రం అనగలిగాను.

తీసేసిన ఇనుము మళ్ళీ రాదు. వెల్డింగు పెడితే ఆ వేడికి బిళ్ళ వంకర పోతుంది, ఇక రెండు బిళ్ళలూ కలవవు. అప్పుడు ప్యాకెట్లే గతి. ఆ సాయంత్రమంతా దుకాణంలో బొమ్మని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. నా ఎదురుగా కొయ్య పిడికి రబ్బరు బిగించడానికి వాడే చిన్న చిన్న మేకుల డబ్బా ఉంది. రోజుకి పాతిక సార్లు చెయ్యి పెట్టే డబ్బా. చాలాసేపు దాన్ని చూస్తూనే ఉన్నాను, చూడకుండా.

లేనిచోట మిట్ట కావాలంటే ఒకటే దారి. ఎదలో సన్నటి రంధ్రం చేసి, దాంట్లో మేకు దిగ్గొట్టాలి. వెనక కొన అణగ్గొట్టి బిగించి, ముందు మిగిలిన తలని ఆకురాయితో గీతలా అరగదియ్యాలి. అప్పుడు అప్పం మీద గొర్రెపిల్ల ఎదలో గాయం పడుతుంది.

పొద్దున అక్క వచ్చింది. డ్రిల్లుతో రంధ్రం చేసేవరకు బాగానే జరిగింది. మేకుని పట్టకారు మీద నిలబెట్టి సుత్తి ఎత్తాను. మళ్ళీ దించేశాను. వయసు వణుకు వల్ల కాదు. నాకు చర్చి అంటే పెళ్ళిళ్ళకీ చావులకీ వెళ్ళే చోటు. దేవుడితో నాకు మాటలూ లేవు, పోట్లాటలూ లేవు. అయినా ఒక గొర్రెపిల్ల తల తిప్పి నా వైపే చూస్తుండగా, దాని ఎదలో నా చేత్తో మేకు కొట్టడం నా వల్ల కాలేదు. ముద్దొస్తుందని నేను జేబులో పెట్టుకు తిరిగిన గొర్రెపిల్ల అది.

"నువ్వు కొట్టు" అన్నాను.

"నాకు రాదు, వంకర పోతుంది." అక్క రెండు చేతులతో పట్టకారుని బల్లకేసి గట్టిగా నొక్కిపట్టింది. "కొట్టరా. అప్పుడు ప్రభువుకి మేకులు కొట్టినవాళ్ళు కూడా మనలాంటి మనుషులే. ఏదో మంచి చేస్తున్నామనే అనుకుని ఉంటారు."

కొట్టాను. మూడు దెబ్బలకి దిగింది. మూడు దెబ్బలకీ అక్క కళ్ళు ఆర్పలేదు, నేను మాత్రం మూసుకున్నాను. ముద్రలు చెక్కేవాడు కళ్ళు మూసుకుని సుత్తి వెయ్యడం నా జన్మలో అదే మొదటిసారి. తరువాత కొన అణగ్గొట్టి, గంటసేపు ఆకురాయి పట్టాను.

అదే పూట అక్క వంటింట్లో అప్పం పోసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. గొర్రెపిల్ల ఎద మీద చిన్న గీత. వెలుతురు ఆ ఒక్కచోట కొంచెం ఎక్కువగా దాటి వస్తోంది. అక్క బొటనవేలు వెళ్ళి అక్కడ ఆగింది. ఈసారి వెతుక్కోలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను మొహం పక్కకి తిప్పుకోలేదు, అంత మాత్రం చెయ్యగలిగాను.

మధ్యాహ్నం ఫాదర్ గారు వచ్చారు. అప్పం అందుకుని, వెలుతురుకి పట్టి, ఎద మీది గీతని వేలితో తడిమి చూశారు. వెళ్తూ వెళ్తూ, "అమ్మా, వచ్చే నెలకి కూడా మీరే పొయ్యాలి, కుదురుతుందా?" అని అడిగారు. అక్క తనకి తీరికుందో లేదో చూసుకుంటున్నట్టు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి, సరేనంది. అంత బెట్టు ఆమెలో ఉందని నాకు తెలియదు.

ఆయన వెళ్ళాక, గిన్నెలో అంచుముక్కలు మిగిలాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. ఉప్పూ లేదు, తీపీ లేదు.

"పిచ్చుక ఉండి ఉంటే ఈ గిన్నె మనదాకా వచ్చేదా?" అన్నాను.

అక్క నా వైపు చూసింది. తరువాత నవ్వింది, ఏడుస్తూనే. "ఎక్కడొస్తుంది? గిన్నె కూడా నాకేసేది."

జేబులో చెయ్యి పెడితే మేకు ఒకటి తగిలింది, పొద్దున మిగిలిపోయింది. అది తీసుకుని గుమ్మం పక్కన గోడ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. "చివరిసారి కొలిచినప్పుడు ఎంత ఉండేది?" అని అడిగాను.

అక్క ఆలోచించలేదు. నా పక్కకి వచ్చి, అరచెయ్యి బోర్లించి గోడకి ఆనించింది. గాల్లో ఒక చిన్న తల మీద పెట్టినట్టే పెట్టింది. ఆ చేతి కింద, సున్నం రాలుతుండగా, మేకుతో గట్టిగా గీత గీశాను.